పేర్లు రాయని సీడీ

ఒరేయ్ శేఖర్,

నువ్వు చనిపోయి ఇవాళ్టికి మూడేళ్లు. ఇవాళే నీ పాట మళ్లీ విన్నాను.

సౌదీలో ఈ అల్ ఖోబర్‌లో మనం నలుగురం పెట్టిన ఇంగ్లీష్ రాక్ బ్యాండ్ నడిచింది ఎనిమిది నెలలే. సౌదీవాళ్లకి ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ రూల్లో మీ కంపెనీ రెడ్ లిస్టులో పడింది, నీ ఇఖామా పర్మిట్ రెన్యువల్ కాలేదు, ఎగ్జిట్ వీసా మీద ఇండియా వెళ్లిపోయావు. పాటలు రాసేవాడే లేకపోయాక మేమూ మానేశాం. ఒక్క సీడీ మిగిలింది. అప్పట్లో ఇక్కడ ఇలాంటి బ్యాండ్లు నిషేధం కదా, ఎవరి కంటైనా పడితే ఉద్యోగాలు పోతాయని దాని మీద మన పేర్లు రాసుకోలేదు.

ఈమధ్య అది మా అమ్మాయికి దొరికింది. అప్పట్లో ఉయ్యాల్లో ఉన్న పిల్ల ఇవాళ సముద్రపొడ్డున కార్నిష్ దగ్గర స్టేజీ ఎక్కి, గిటార్ పట్టుకుని, "ఇది మా డాడీ రాసిన పాట" అంది. దానికి నేనలా చెప్పలేదురా. కాదనీ చెప్పలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. పక్క ఫ్లాట్ ఆయన నా భుజం తట్టి, "మీరు పాటలు కూడా రాసేవారా? ఎప్పుడూ చెప్పలేదేంటండీ!" అన్నాడు.

"ఏదో, కుర్రతనంలో అండీ" అన్నాను.

మా ఆవిడ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆ పాట నువ్వు రాసింది మా వంటింటి గట్టు మీద కూర్చుని. ఆ సాయంత్రం నీకు మూడుసార్లు టీ పెట్టింది తనే.