పదకొండో మంచానికి ఆ మాత్ర వద్దు

పటమట,
12-10-1974, శనివారం.

డెల్టా సేవాసమితి ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

పామర్రు కాపురస్థుడు, ప్రస్తుతం తమ ఎముకల వార్డు వరండాలో మకాం ఉన్న పత్రికా విలేఖరి పల్లెపోగు సంజీవరావు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య తెరేసమ్మకు (ఎముకల వార్డు, పదకొండో మంచం) కలరా మాత్ర ఇచ్చుట నిలిపివేసి, తమ స్టోర్సు బీరువాలో ఉన్న జెంటామైసిన్ ఇంజక్షన్లు ఆమె కాలు తీసివేయక ముందే మొదలుపెట్టించుట గురించి.

1. నా భార్య పామర్రు మిషన్ బడిలో టీచరు. ఆగస్టులో ఉయ్యూరు ఇవతల బస్సు కాలవగట్టు మీద ఒరిగి, ఆమె కుడికాలి ఎముక మోకాలి కింద విరిగినది. ఆ రోజు చర్మం చిట్లలేదు. చీము లేదు, జ్వరం లేదు. తమ సర్జన్ గారు ఆపరేషను చేసి ప్లేటు వేశారు. ఆపరేషను బాగా జరిగిందని అందరూ అన్నారు, నేనూ అంటున్నాను. చీము పట్టినది ఆ తర్వాత, ఈ వార్డులో, ఈ మంచం మీద. ఈ సంగతి కేసుషీటులోనే ఉన్నది గనుక వాదించవలసిన అవసరం లేదని మనవి.

2. ఈ ఏడు వానలతో పాటు కలరా వచ్చినది. ఎన్నో దేశాలు తిరిగి వచ్చిన మహమ్మారి ఇది. తమ కలరా షెడ్డు ముందు ఎడ్లబండ్లు బారులు తీరుట నేను కళ్ళారా చూశాను, వార్త కూడా పంపాను. కాబట్టి తమరి భయాన్ని తప్పు పట్టడం లేదు. జబ్బుతో నిమిత్తం లేకుండా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ప్రతి మనిషికీ ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి టెట్రాసైక్లిన్ గొట్టం మాత్ర ఇవ్వవలెనని తమరు ఉత్తర్వు చేశారు. కాలు విరిగినవారికి ఇస్తున్నారు. క్యారేజీ తెచ్చినవారికి ఇస్తున్నారు. నాకూ ఇస్తున్నారు.

3. ఈ గొట్టం మాత్రలు ఏమవుతున్నవో తమరి దృష్టికి వచ్చి ఉండదు. సగం మంది మింగడం లేదు. ఊరికి పట్టుకుపోవడానికి కొంగున ముడి వేసుకుంటున్నారు. పదో మంచం రత్తయ్యకు తొడ మీద పుండు. ఆయన భార్య శౌరమ్మ గొట్టం విప్పి, లోపలి పొడిని పుండు మీద చల్లుతున్నది. అదే చేత్తో నా భార్య గాయం మీద కూడా చల్లినది.

"ఎందుకమ్మా, అది మింగే మందు" అన్నాను.

"కడుపులోకి పోతే అది ఎటు పోద్దో ఎవడు చూశాడు బాబూ? ఇక్కడైతే కళ్ళముందరే ఉంటది."

"మా ఆవిడకి వద్దులే అమ్మా."

"ఊరికే వచ్చిన మందేగా, నా సొమ్మేం పోద్ది? నువ్వు కూకో. టీచరమ్మ నాకు చెల్లెల్లాంటిది."

శౌరమ్మ మంచి మనిషి. నేను లేనప్పుడు నా భార్యకు వేణ్ణీళ్ళు పెట్టి ఇచ్చేది ఆమే. ఆమె మీద చర్య కోరడం లేదు. వద్దని చెప్పే మనిషి వార్డులో ఒక్కరూ లేరని మాత్రమే మనవి చేయుచున్నాను.

4. హౌస్ సర్జన్ డాక్టర్ రమాసుందరి గారు చీము తీయించి పరీక్షకు గుంటూరు పంపారు. రిపోర్టు వచ్చినది. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్: ఈ నాలుగింటికీ ఆ క్రిమి లొంగదు. జెంటామైసిన్‌కు లొంగుతుంది. రత్తయ్య రిపోర్టులోనూ అక్షరాలా ఇదే ఉన్నది. ఇద్దరూ వేరు వేరు ఊళ్ళ నుంచి, వేరు వేరు దెబ్బలతో వచ్చినవారు.

ఇదెట్లా జరిగిందని డాక్టరమ్మ గారిని అడిగాను.

"అందరికీ ఒకటే మందు పోస్తుంటే చచ్చే క్రిములు చస్తాయండీ. చావనివి మిగుల్తాయి. ఆ మిగిలినవే మంచం నుంచి మంచానికి తిరుగుతున్నాయి."

"ఎవరు తిప్పుతున్నారండీ?"

ఆమె వార్డంతటికీ ఒకటే అయిన డ్రెస్సింగు ట్రే వైపు చూశారు. అడిగినది నేను గనుక ఆమెను సంజాయిషీ అడగవద్దని ప్రార్థన.

5. జెంటామైసిన్ తమ స్టోర్సులో ఉన్నది. బీరువా అద్దంలోంచి నేను చూశాను. అది రిజర్వు మందు, కమిటీ అనుమతి కావలెను. కమిటీ ముందుకు కాగితం పోవాలంటే టెట్రాసైక్లిన్ కోర్సు పూర్తయి, గుణం కనపడలేదని నమోదు కావలెను. స్టోర్సు గుమస్తా పూర్ణచంద్రరావు గారితో నాకు జరిగిన సంభాషణ ఉన్నది ఉన్నట్టు:

"కోర్సు అయిందాండీ?"

"ఆగస్టు నుంచీ మింగుతోందండీ."

"మింగుతోందంటే అవలేదనేగా అర్థం?"

"మరెప్పుడవుద్దండీ?"

"ఆపినప్పుడు."

"అయితే ఆపించండి."

"భలేవారే! ఊరంతా కలరా పెట్టుకుని ఎట్టా ఆపుతామండీ?"

ఆయన వేళాకోళం ఆడలేదు. నాకు టీ తెప్పించి మరీ చెప్పారు. కలరా మాత్రా టెట్రాసైక్లినే, అది ఆగదు గనుక కోర్సు పూర్తి కాదు. కోర్సు పూర్తి కాదు గనుక అది పనిచేయలేదని రాయడానికి వీల్లేదు. పనిచేయడం లేదని గుంటూరు రిపోర్టు చెప్తున్నది, కానీ ఆ రిపోర్టు అంటించడానికి ఫారంలో చోటు లేదట.

6. ఇది విని నా భార్య గురువారం ఉదయం మాత్ర మింగనన్నది. నర్సమ్మ 'మందు నిరాకరణ' అని రాసి, నిరాకరించినవారిని డిశ్చార్జి చేయవలెనని ఉత్తర్వులోనే ఉన్నదని చూపించినది. ఉన్నమాట నిజమే. నా భార్య మింగినది.

7. జ్వరం దిగడం లేదు. కాలు మోకాలి పైకి తీసివేయవలెనని సర్జన్ గారు నిర్ణయించారు. ఇంకా ఆగితే ప్రాణానికే ముప్పన్నారు. ఆయన మాట నేను కాదనలేను. ఆపరేషను సోమవారం ఉదయం పది గంటలకు. మందుల కమిటీ మంగళవారం.

మంగళవారం కాగితం పెడితే ఏమవుతుందని పూర్ణచంద్రరావు గారిని అడిగాను. "కాలే లేనప్పుడు ఏ గాయానికని రాయమంటారు సంజీవరావు గారూ?" అన్నారు.

కావున తమరు దయచేసి:

(అ) పదకొండో మంచానికి కలరా మాత్ర నేడే ఆపించి, కోర్సు పూర్తయినదనీ, గుణం లేదనీ రాయించవలెను. ఆమెకు కలరా సోకితే తమరిని నిందించనని సంతకం చేసి ఇస్తాను.

(ఆ) కమిటీని రేపే కూర్చోబెట్టవలెను. తమరు ఒక సభ్యులు. రెండోవారు సర్జన్ గారు, ఇక్కడే క్వార్టర్సులో ఉన్నారు. మూడోవారు గవర్నర్‌పేటలో ప్రాక్టీసు చేస్తున్న డాక్టరు గారు. ఆయనను నేను రిక్షాలో తీసుకువస్తాను.

(ఇ) రేపు ఆదివారం గనుక కుదరదంటే, కమిటీని సోమవారానికీ, ఆపరేషనును ఆ తర్వాతకూ మార్చవలెను. ఇంజక్షను పనిచేస్తున్నదో లేదో రెండు మూడు రోజుల్లో తెలుస్తుందని డాక్టరమ్మ గారు అంటున్నారు. అన్ని రోజులు ఆగవచ్చునో లేదో సర్జన్ గారే మరొకసారి చూసి చెప్పవలెను. పనిచేయకపోతే కాలు తీయడానికి నేనే సంతకం పెడతాను. పనిచేసే మందు ఒక్కసారైనా వేయకుండా పెట్టమంటే మాత్రం నా చేయి రావడం లేదు.

ఈ అర్జీని పై వారానికి ఫైలులో పెట్టక, సోమవారం పది గంటల లోపే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పల్లెపోగు సంజీవరావు
(పదకొండో మంచం తాలూకు)

తా.క. అర్జీ మడత పెడుతుండగా వార్డు మనిషి వచ్చాడు. రేపు ఆదివారం, చేసేవాళ్ళు ఉండరని ఈ రోజే కాలు గొరిగి, మోకాలి పైన ఊదారంగు మందుతో గీత గీశాడు. గీత గీసి, చేతులు తుడుచుకుని, సాయంత్రం మాత్ర ఇచ్చాడు. తెరేసమ్మ నా వంక చూసింది. మింగకపోతే మంచం పోతుంది. మింగమన్నాను. మింగింది.

అయ్యా, గీత కింద కాలివేళ్ళు ఇంకా కదులుతున్నాయండీ. నేను అడిగితే కదిపి చూపిస్తోంది. పై అంతస్తులోనే కదా తమరుండేది, ఒక్కసారి దిగివచ్చి చూసి పోండి.