జవాబు కోసం ఆగడం

సోమవారం, పొద్దున్నే
బడి గంట ఇంకా కొట్టలేదు

చిన్న టీచరుకి,

మీ బావ దీవెనలు. నువ్వు ఒంట్లో బాగున్నావని తలుస్తూ, మిగతా మాటలకు ముందే ఒకటి అడుగుతాను. నీకు ఆ టీచరు పట్టా ఎందుకిచ్చారు? బట్టల కొట్లో బిల్లులు కొట్టడానికా?

ఇదే ప్రశ్న మన ప్రార్థన షెడ్డులో అడిగి ఉంటే బల్ల గుద్ది అడిగేవాణ్ని. ఇప్పుడు మామూలుగానే అడుగుతున్నాను. గొంతు లేవడం లేదు. నిన్న ఆదివారం వాక్యం చెబుతుంటే వెనక వరసలోంచి ముసలాయన ఒకడు, అయ్యగారూ, మైకు గానీ పాడైందా, అని అడిగాడు. మైకు శుభ్రంగా ఉంది. నేను చెబుతున్నది అగ్నిగుండం గురించి. కరెంటు బిల్లు చదివి వినిపిస్తున్నట్టుందని నాకే తెలుస్తోంది.

నా విశేషాలు పెద్దగా ఏమీ లేవు. సాయంత్రాలు వెల్డింగ్ పనికి వెళ్తున్నాను. మొన్న రవ్వ ఒకటి మణికట్టు మీద పడి చర్మం కాలింది. వాసన వచ్చి చూసుకున్నాను గానీ నొప్పి తెలియలేదు. వంటింట్లో కుళాయి కారుతోంది. నాకది కాసేపటి పని, పనిముట్లు పక్కనే ఉన్నాయి. దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటున్నాను, అంతే. ఇది నీకు జాలి పుట్టించడానికి రాయడం లేదు. ఎలా ఉన్నారు బావగారూ అని ఆ రోజు స్మశానం దగ్గర అడిగావు, నేను జవాబు చెప్పలేదు. ఇదే జవాబు.

ఇక అసలు సంగతి. సెలవుల్లో మీ అక్క పోయాక, బడి తెరిచే నాటికి మూడో తరగతికి ఎవరూ లేరు. హెడ్మాస్టరమ్మ మన ఇంటికొచ్చి, ఎవరో ఒకరు వచ్చేదాకా ఆ గదిలో నిలబడండి అయ్యగారూ, పిల్లలకు మీరు కొత్త కాదుగా, అంది. నేను చదువుకున్నవాణ్ని కాను. అక్షరాలు కూడబలుక్కుని గ్రంథం చదవడం నేర్చుకున్నవాణ్ని. అయినా సరే అన్నాను. వందమంది పెద్దల్ని ఏడిపించి నవ్వించి నిలబెట్టేవాణ్ని, ముప్ఫైమంది పిల్లలు ఎంత అనుకున్నాను.

నీకు గుర్తుందా, కాలేజీలో నీకు బోధనా నైపుణ్యాల పరీక్షలు జరుగుతున్నప్పుడు మా ఇంట్లో సాధన చేసేదానివి? కాలేజీలో తోటి విద్యార్థులే పిల్లల్లా నటిస్తారని, ఇంట్లో ఆ పని నాకు అంటగట్టారు అక్కాచెల్లెళ్లిద్దరూ. నన్ను నేల మీద కూర్చోబెట్టారు. ఆకు పచ్చగా ఎందుకుంటుంది అని నువ్వు అడిగీ అడగకముందే, దేవుడు అలా చేశాడు గనక, అని నేను గర్జించాను. మీ అక్క నా నెత్తి మీద స్కేలుతో ఒక్కటిచ్చింది. వెనక బెంచీ, నిన్నెవరడిగారు, చెయ్యెత్తు, అంది. కట్టుకున్నవాణ్నని కూడా చూడలేదు.

తర్వాత నీతో అంది. ప్రశ్న అడగడం అందరికీ వస్తుందే, అడిగాక ఆగడమే రాదు. ముందు లేచిన చెయ్యి వైపు పరుగెత్తకు. పైకప్పు చూస్తున్నవాడు ఆలోచిస్తున్నాడు, వాణ్ని కదిలించకు. గది నిశ్శబ్దమైతే భయపడి నీ జవాబు నువ్వే చెప్పేసుకోకు, అంది. నువ్వు అడిగి ఆగావు. నేను గడియారం వైపు చూశాను, చూరు వైపు చూశాను, నాకు ఊపిరాడలేదు. మీ బావకి ఆగడం ఈ జన్మలో రాదులే అని మీరిద్దరూ నవ్వుకున్నారు.

నిజంగానే రాలేదు. మొదటి రోజు భిన్నాలు మొదలుపెట్టాను. సగం పెద్దదా, పావు పెద్దదా, అన్నాను. సగమే అని గది దద్దరిల్లింది. నాకు అలవాటైన సంగతి అది, పాత ఉత్సాహం కొంచెం వచ్చినట్టయింది. అర్థమైందా అన్నాను. అయింది అన్నారు. గట్టిగా అన్నాను. అయిందీ అన్నారు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా, అని అడిగాను. నాలుగో వంతే అని ఇంకా గట్టిగా అరిచారు. ఆ ఊపులో నేనూ భేష్ అన్నాను. పక్క గదిలోంచి హెడ్మాస్టరమ్మ వచ్చి, అయ్యగారూ, ఇది తరగతా, మీ షెడ్డులో ఉజ్జీవ సభా, అని అడిగింది.

అరవనిది ఒక్కతే. మీ అక్క పిచ్చుక అని పిలిచే పిల్ల, కిటికీ పక్కన కూర్చుంటుంది, నువ్వు చూశావు. అది రెండు కాగితం ముక్కలు తీసుకుంది. ఒకటి మూడు మడతలు, ఒకటి నాలుగు మడతలు పెట్టింది. తెచ్చి నా బల్ల మీద పక్కపక్కన పెట్టి, నా ముఖం చూస్తూ నిలబడింది. తప్పు చెప్పారు అనలేదు. నేను చూసుకునేదాకా ఆగింది. మీ అక్క నేర్పింది అది. ఈ పిల్లలకు లెక్కల కన్నా ముందు దాన్ని నేర్పింది.

అప్పుడు నాకు గ్రంథంలో ఒక చోటు గుర్తొచ్చింది. అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న ఆయన దగ్గరికి స్నేహితులు వచ్చారు కదా. వారం పాటు నేల మీద ఆయన పక్కనే మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ తర్వాత నోళ్లు తెరిచారు, చెడగొట్టారు. ఇన్నేళ్లుగా నేను వాళ్ల మాటల మీదే ప్రసంగాలు చేశాను. ఆ వారం రోజుల మీద ఒక్కటీ చేయలేదు.

నువ్వు స్మశానం నుంచి వస్తూ నాతో అన్నది మర్చిపోలేదు. బావగారూ, మేం నేర్చుకున్నదంతా నాటకం, పిల్లల వేషం వేసిన పెద్దవాళ్ల ముందు ఆడాం, మార్కులేసుకున్నాం, అక్క లేకుండా నాకు చేతకాదు, ఆ గదిలో కాలు పెట్టలేను, అన్నావు. ఆ వారమే బట్టల కొట్టులో చేరావు. అప్పుడు అనాల్సిన మాట ఇప్పుడంటాను. ఆ నాటకంలో నేను కూర్చున్నాను. నువ్వు ఆగినప్పుడు నాకు వేషం గుర్తులేదు. నిజంగానే ఆకు పచ్చగా ఎందుకుంటుందో అని ఆలోచించాను. అది వేషం అయితే నా ప్రసంగాలన్నీ ఏమవుతాయి?

పై ఆఫీసు నుంచి మాట వచ్చింది. శిక్షణ పొందిన మనిషి ఈ సాయంత్రంలోగా వచ్చి చేరకపోతే, రేపటి నుంచి మూడో తరగతిని రెండు ముక్కలు చేసి సగం మందిని ఒక గదిలోకి, సగం మందిని ఇంకో గదిలోకి తోలేస్తారు. గదికి తాళం పడుతుంది. నీ పేరు హెడ్మాస్టరమ్మకు చెప్పాను. ఆ అమ్మాయి వస్తానందా అని అడిగింది. అడుగుతున్నాను అన్నాను.

పిల్లలు ఆ గదిని అలాగే ఉంచుకున్నారు. పొద్దున్నే బోర్డు తుడుస్తారు. మీ అక్క కుర్చీ మీద దుమ్ము దులుపుతారు, నన్ను కూర్చోనివ్వరు. నేను బల్ల అంచున కూర్చుంటున్నాను. కొత్త సుద్దముక్కలు ఎడమ వైపు పెడతారు, ఆమెది ఎడం చెయ్యి కదా. అది చూస్తుంటాను. ఏడుపు రాదు. చూస్తుంటాను, అంతే.

వేళకు సరిగా తిను. కొట్లో రోజంతా నిలబడి పని చేయిస్తారని విన్నాను, కాళ్లు జాగ్రత్త.

నీ మేలు కోరే
మీ బావ

తా.క. పైన సంతకం పెట్టేశాను గానీ ఉత్తరం మడవలేకపోతున్నాను. రాయవలసింది రాయలేదు.

పిల్లలకు తెలియదు. మీ అక్క పోయిందని నేను వాళ్లకు చెప్పలేదు.

బడి తెరిచిన రోజున హెడ్మాస్టరమ్మ, ఈ మాట మీ నోటితో వింటేనే వాళ్లు తట్టుకుంటారు, మీకిది అలవాటే కదా, అంది. ఇళ్లల్లో ఎవరూ చెప్పవద్దని తల్లిదండ్రులకు కూడా కబురు పెట్టింది. అలవాటే. ఎన్ని శవాల తల దగ్గర నిలబడి వాక్యం చెప్పానో. సమాధి ముందు నిలబడి మరణాన్ని ఎగతాళి చేసిన నోరు ఇది. గదిలోకి వెళ్లాను. టీచరేదీ అని అడిగారు. ఊరెళ్లింది అన్నాను. చెప్పారా అని హెడ్మాస్టరమ్మ ప్రతి సాయంత్రం అడుగుతుంది. రేపు చెబుతాను అంటాను. ఆ సుద్దముక్కలు జ్ఞాపకానికి పెడుతున్నవి కావు. మీ అక్క వస్తుందని పెడుతున్నారు.

శుక్రవారం పిచ్చుక బల్ల సొరుగు లాగి మీ అక్క కళ్లజోడు తీసింది. సెలవులకు ముందు మర్చిపోయి వచ్చిందే, ఇల్లంతా వెతికామే, అది. అయ్యగారూ, టీచరుకి ఇది లేకపోతే అక్షరం కనబడదు కదా, ఊరెళ్తే ఇది ఎందుకు తీసుకెళ్లలేదు, అని అడిగింది. అడిగి, ఆగింది. కాగితాలు పెట్టి ఆగినట్టే నా ముఖం చూస్తూ ఆగింది. గంట కొట్టేశారు. అయినా అది కదల్లేదు. వాళ్లమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

మూడు రోజులైంది. ఆ పిల్ల ఇంకా ఆగే ఉంది. ఇంకాసేపట్లో గంట కొడతారు, అది వచ్చి కిటికీ పక్కన కూర్చుంటుంది.

మీ కాలేజీ నైపుణ్యాల పట్టికలో ప్రశ్న అడగడం ఉంది, బోర్డు మీద రాయడం ఉంది, పాఠం ముగించడం ఉంది. ఇది లేదని నాకు తెలుసు. అయినా నిజం చెప్పి, చెప్పాక నోరు మూసుకుని, వాళ్ల ముఖాలు చూస్తూ నిలబడటం మీ అక్క దగ్గర నేర్చుకున్నదానివి నువ్వొక్కదానివే. నేను చెబితే వెంటనే పరలోకం గురించి మొదలుపెడతాను. వాళ్లు ఆమేన్ అంటారు. ఎవరూ ఏడవరు.

గ్రంథంలో, నాకు నోరు తిరగదు ప్రభువా అని మొరపెట్టుకున్న ఆయనకు దేవుడు తోడబుట్టినవాణ్ని పక్కన నిలబెట్టాడు. నాకు మీ అక్క తోడబుట్టినదానివి నువ్వు ఉన్నావు. తలుపు దగ్గర నేను నీ పక్కనే నిలబడతాను. కుర్చీలో కూర్చోవద్దులే, బల్ల అంచున నా పక్కన చోటుంది.

ఈ ఉత్తరం తెచ్చినతను మన షెడ్డుకు వచ్చే వ్యాను డ్రైవరే. జవాబు రాసివ్వకు. బండి మీ కొట్టు బయటే ఆగి ఉంది. హారన్ కొట్టవద్దు, ఎంతసేపైనా ఆగు, అని చెప్పి పంపాను. ఆ బిల్లు పుస్తకం మూసెయ్. చెప్పులేసుకుని వచ్చి బండెక్కు. ఈ రోజే, ఇప్పుడే.