ముసలాళ్ల చేపలు

శుక్రవారం

రేపు ఉదయం కబడ్డీ జట్టు వాళ్లు ఫిట్‌నెస్ టెస్ట్ పెడుతున్నారు. ఎడమ మోకాలు పూర్తిగా బాగైపోయిందని కోచ్‌కు ఫోన్‌లో అబద్ధం చెప్పాను. మెట్లు దిగుతుంటే లోపల ఇంకా కలుక్కుమంటోంది. ఈ సీజన్‌కూ తీసుకోకపోతే ఇక నన్నెవరు పిలుస్తారు? ఇరవై తొమ్మిదేళ్లొచ్చాయి, కూతకు వెళ్లడం తప్ప నాకింకేం వచ్చు?

కాలు నిలుస్తుందో లేదో చూసుకుందామని పొద్దున్నే ఒడ్డుకెళ్లి, మావాళ్లతో పాటు వల తాడు పట్టాను. నాలుగడుగులు వెనక్కి లాగేసరికి మోకాలు పట్టుతప్పి ఇసుకలో కూలబడ్డాను. బావమరిది అప్పన్న నా చేతిలోంచి తాడు తీసుకున్నాడు.

"నువ్వు కూకో బావా, మేం లాగేత్తాం," అన్నాడు.

వల ఒడ్డుకు చేరాక, తాడు లాగలేని ముసలాళ్లకు ముందుగా గుప్పెడేసి చేపలు పెట్టడం మా జాలరిపేటలో అలవాటు. పడవ నీడన కూర్చున్న వాళ్లందరికీ పెట్టి, అప్పన్న నా దగ్గరికొచ్చాడు. నా ముఖం చూడకుండా నా దోసిట్లోనూ పోశాడు. వద్దనాల్సింది. తీసుకున్నాను.

పడవ పక్కనున్న ముసలాయన కాస్త జరిగి చోటిచ్చాడు.

"ఇటొచ్చి కూకో బాబూ, ఇక్కడ నీడుంది."

వెళ్లి కూర్చున్నాను.