మునగని ఊళ్లో మలీదా

తమ్ముడు రబ్బానీకి,

కల్లూరు నుంచి అన్న రాస్తున్నాను. బేతంచెర్లలో బండలు అమ్ముకుని పెద్దమనిషివయ్యావు, ఉత్తరాలు చదివే ఓపిక నీకు ఉండదని తెలుసు. అయినా ఇది చించకుండా చదువు.

డ్యాము కట్టేటప్పుడు, అందరం కదలకుంటే అది ఆగిపోతుంది, ఊరు వదలొద్దని నేనంటే, అందరికంటే ముందు బండి కట్టింది నువ్వు. నీ వెనకే ఊరంతా కదిలింది. ఈడికొచ్చిన ఏడాదికే మీ వదిన నబీసా ఊరి మీద బెంగతో పోయింది. ఆమెను చంపింది నువ్వేనని ఇన్నేళ్లూ కనబడినవాళ్లందరికీ చెప్పాను.

ఈ ఎండాకాలం నీళ్లు తగ్గాక, ఎప్పటిలాగే మునిగిన ఊళ్లో మన పెద్దల సమాధుల దగ్గర, పోయినవాళ్ల పేరిట ఫాతెహా చదివింపులకు వెళ్లాను. మొండిగోడలు ఉండాల్సిన చోట ఊరు ఊరంతా నిలబడి ఉంది. జరిగింది జరగకుండా పోయిన లోకాలు పక్కనే ఉంటాయని పుస్తకాల్లో చదివి కొట్టిపారేసినవాణ్ణి, డ్యామే కట్టని లోకంలోకి నడిచాను. మన ఇంటి అరుగు మీద నబీసా, తల నెరిసి, వచ్చేపోయేవాళ్లకు రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీదా పంచుతోంది.

"యాడి నుంచి వస్తాండావప్పా? అచ్చం మా ఆయన మాదిరే ఉండావే! చేన్లో పాము కరిసి వయసులోనే పోయినాడు. ఈపొద్దు ఆయన చదివింపులే. తిను."

తిన్నాను. ఇంకాస్త పెట్టమని చెయ్యి చాపేసరికి ఎదురుగా బురద మాత్రమే ఉంది.

ఊళ్లోనే ఉండిపోయుంటే నేను పోయేవాణ్ణి, ఆమె బతికేది. అంటే ఆమెకు బదులు నన్ను బతికించింది నువ్వే, రబ్బానీ. అది మాత్రం నేను క్షమించలేను.

నీ అన్న