అద్దె ఇంటి పెత్తనం

నా రాత కోడిగీతలు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఒత్తులు ఎక్కడ పడతాయో సరిగా తెలియదు. చదివేవాళ్ళు మన్నించాలి. దస్తావేజులు రాసే ఆయన చేత రాయించమన్నారు గానీ, ఇందులోని మాటలు పరాయివాడి ముందు నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే నేనే రాస్తున్నాను.

డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, తెలివిగా ఉండి, మతి స్థిమితంగా ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా స్వార్జితమైన ఆస్తి గురించి ఇష్టపూర్వకంగా రాసుకున్న వీలునామా ఇది. నా భార్య కాలం చేసింది. ఇద్దరు కొడుకులు వారసులు. నా మతి సరిగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జత చేశాను. పెద్దవాడు అడుగుతాడని తెలుసు.

1. నేను ఉంటున్న రెండు గదుల ఇల్లు కొడుకులిద్దరికీ చెరి సగం. కొట్టుకోకుండా పంచుకోవడం వాళ్ళకు చేతకాదు కాబట్టి అమ్మి తీసుకోవాలి.

2. చిన్నవాడికి: వాడు నాకు కొనిచ్చిన చెవి మిషను, సీలు తీయని పెట్టెతో సహా. "మా నాన్నకు వినపడదండీ, ఏం కావాలన్నా నాతో చెప్పండి" అని అద్దెకుండేవాళ్ళకు చెప్పుకుంటూ వచ్చాడు. నాకు బాగా వినపడుతుంది. మాట్లాడడమే రాదు. ఒకసారి వాడు వంటగదిలో "ముసలాయన ఇంకా ఎన్నాళ్ళంటావ్?" అన్నాడు. భార్య "మెల్లిగా" అంది. "వినపడదులేవే" అన్నాడు. నేను గోడకు ఇవతల అన్నం తింటున్నాను. పూర్తిగా తినే లేచాను.

3. పెద్దవాడికి: వాడి మొదటి పెళ్ళి ఫొటో, చట్రంతో సహా. రెండో పెళ్ళికి ముందు అటక మీద పడేశాడు. నేను దించి తుడిచాను. చింపుకున్నా వాడిష్టం. కానీ ముందు ఒకసారి చూడాలి.

4. ఇక అద్దె ఇల్లు. కింద ఒక వాటా, మేడ మీద ఒక వాటా. ముప్పై ఏళ్ళు నలుగురి ఇళ్ళలో పైపులు వేసి, ఆదివారాలు నా చేతులతో కట్టుకున్నది. కింద రిటైరైన నర్సమ్మ ఉంటుంది. కాళ్ళు పడిపోయి మంచం దిగలేదు. మీద దర్జీ. ఈ ఇంటికి జీతమిచ్చి మేనేజరును పెట్టాలా వద్దా అన్నది రెండేళ్ళ పంచాయితీ. "నాన్నా, నీకు నోరు లేదు. వాళ్ళు నీ నెత్తినెక్కి కూర్చున్నారు. పద్ధతిగా చూసే మనిషి కావాలి" అని పెద్దవాడు నా బుర్ర తిన్నాడు. నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. వాడు సరే అన్నట్టే లెక్కేసుకున్నాడు.

మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. గోడలకు ఫొటోలు తీసేవాడు, మనుషుల వైపు చూసేవాడు కాదు. దర్జీ తలుపు గడియ బాగుచేయించమని మూడుసార్లు అడిగితే, "నోరెక్కువైంది సార్. రెండ్రోజులు నీళ్ళు ఆపితే దారికొస్తాడు" అన్నాడు. పెద్దవాడు "కానివ్వండి" అన్నాడు. 'మీద' అని ఉన్న వాల్వు కట్టేసి, దానికి తాళం వేసి పోయాడు.

ఇక్కడ నా తప్పు రాయాలి. ఆ పైపులు వేసిన రోజు నాకు ఒళ్ళు కాలే జ్వరం. రెండు లైన్లూ తారుమారు చేశాను. 'మీద' అన్నది కట్టేస్తే కింద ఆగుతాయి. అక్షరాలు సిమెంటులో చెక్కేశాక గాని తెలియలేదు. పేరున్న పైపుల మేస్త్రీ సొంత ఇంట్లో ఇలా చేశాడంటే నవ్వుతారని అలాగే వదిలేశాను.

దర్జీకి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. నర్సమ్మకు రెండు రోజులు చుక్క లేదు. పనిమనిషి ఆ వారం రాలేదు. మూడో రోజు దర్జీ తలుపు విరగ్గొట్టి ఆమెను ఆసుపత్రికి మోసుకెళ్ళాడు. వందల మందికి పురుడు పోసిన మనిషి, పెదవులు పగిలి, మాట రాక పడి ఉంది. లైన్ల తారుమారు సంగతి అప్పుడు చెప్పాను. "ముందే చెప్పొచ్చుగా నాన్నా" అన్నాడు పెద్దవాడు. నిజమే. "పైపుల లోపం, ఓనరుదే బాధ్యత" అని మేనేజరు సందేశం పెట్టాడు. అదీ నిజమే. నేను నా బతుకులో ఒక మనిషిని "పో" అన్నది ఆ రోజే, ఆ మేనేజరునే.

5. కాబట్టి నా నిర్ణయం: మేనేజరు ఉండాలి. నా తదనంతరం ఆ ఇంటి తాళాలు, అద్దె, మరమ్మతు, ఎవరిని ఉంచాలి ఎవరిని పంపాలి అన్న సర్వాధికారాలు నా పెద్ద కోడలివి. అంటే ఇప్పుడున్న ఆవిడ కాదు. పెద్దవాడు విడాకులిచ్చి పంపేసిన ఆమె. ఆమె బతికున్నంత కాలం. ఆమె జీతం పోగా మిగిలింది కొడుకులది. ఆమెను తీసేసే హక్కు గాని, ఇల్లు అమ్మే హక్కు గాని వాళ్ళకు లేదు. ఏడాదికొకసారి పెద్దవాడు స్వయంగా వెళ్ళి, ఆమె ముందు నిలబడి, తన వాటా అడిగి తీసుకోవాలి. బ్యాంకులో వేయించుకోవడం కుదరదు. ఇప్పటి భార్యను పంపడం కుదరదు. "మీరు" అనాలి. "ఏయ్" అన్నాడంటే ఆ ఏటి వాటా ఇంటి సున్నాలకు పోతుంది. ముసలాడు కక్ష సాధించాడంటారు. అవును, సాధించాను.

6. నా పనిముట్ల పెట్టె కూడా ఆమెకే. కాపురానికి వచ్చిన నెలకే వాల్వుల గుట్టు పట్టేసింది. "మామయ్యా, మీదిది కడితే కింద ఆగుతోందేంటి?" అంది. నేను నేల చూశాను. "సర్లెండి, ఎవరితోనూ అనను. నాకు గుర్తుంటుందిగా" అని నవ్వింది. ఉన్న పదకొండేళ్ళూ ఎవరితోనూ అనలేదు. పెట్టెలో చిన్న రెంచికి గుడ్డ చుట్టి ఉంటుంది. ఆమె చెయ్యి కోసుకుపోకుండా చుట్టాను. అదీ చెప్పలేదు.

7. దీన్ని అమలు జరిపించవలసింది పైపుల కొట్టు యజమాని. ఒకప్పుడు నాకు పగుళ్ళ సరుకు అంటగట్టాడు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అందుకే ఈ ఒక్క పని సరిగా చేస్తాడు.

8. అమ్మా, ఇది నీకు. వాడు నిన్ను పంపేసిన రోజు నేను సింకు కింద దూరి ఉన్నాను. "మా నాన్న పక్కన పైపులు బిగించడానికి తప్ప ఎందుకూ పనికిరావు" అన్నాడు. నువ్వు గుమ్మంలో ఆగి "మామయ్యా" అన్నావు. ఒక్కసారే. నేను బయటికి రాలేదు. బిగిసి ఉన్న నట్టునే బిగిస్తూ కూర్చున్నాను.

ఈ పెత్తనం దానికి బదులు కాదు, బదులు లేదు. నువ్వు కాదంటే ఐదో అంశం చెల్లదు. ఇల్లు వాళ్ళ చేతికి పోతుంది, వాళ్ళు ఆ ఇస్త్రీ చొక్కావాణ్ణే తెస్తారు. నర్సమ్మ మళ్ళీ ఆ మంచం మీదికే వచ్చింది. ఇలా చెప్పి నిన్ను ఇరకాటంలో పెట్టడం కూడా అన్యాయమే. తెలిసే పెడుతున్నాను.

తేదీ: 14-3-2019, గురువారం.

ఇట్లు,
పైపుల తాత (సంతకం)

సాక్షులు:
1. మందుల షాపాయన (సంతకం)
2. చెప్పుల కొట్టు పెద్దాయన (సంతకం)

పెద్ద కోడలి సమ్మతి: ....................

ఈ చుక్కల మీద నీ సంతకం కావాలి. ఈ ఎండాకాలం దాటడం కష్టమని డాక్టరు అన్నాడు. కాదన్నా సరే, ఒక్క ముక్క రాయి. తొందరగా రాయమ్మా.