ఆరు గంటల హాజరు

కూర్మన్నపాలెం,
నవంబరు 9.

చిరంజీవి మిరియమ్మకు,

నాన్న ముద్దులు, అమ్మ దీవెనలు. దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వూ, మదర్ గారూ, నీతోటి అమ్మాయిలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మా క్షేమం ఏ మాత్రమో ఉత్తరం పూర్తయ్యేలోపు నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం పోయిన మంగళవారం అందింది. ఫోన్ లేదు, నెలకు ఒక్క ఉత్తరమే అనే మీ కన్యాస్త్రీల మఠం నియమం మీద మొదట్లో నాకు కోపంగా ఉండేది. ఇప్పుడు అదే మేలనిపిస్తోంది. ఫోన్లో అయితే నా గొంతు ఇట్టే పట్టేసేదానివి.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. బీపీ మాత్ర మానలేదు. పెరట్లో జామమొక్కకు రెండు కాయలు కాశాయి, రెండూ ఉడుతే తినేసింది, మనకు వాసన కూడా చూపించలేదు. ఫాదర్ గారు ప్రతి నెలా మొదటి శుక్రవారం ఇంటికొచ్చి అమ్మకు సత్ప్రసాదం ఇచ్చి వెళుతున్నారు. అమ్మకు మాట ఇంకా రాలేదు, కానీ మనం చెప్పేదంతా అర్థమవుతోంది. కూరలో ఉప్పు మరిచిపోతే నా వైపు చూసే చూపు మాత్రం పెళ్లయిన నాటి నుంచీ అదే. ఇక, "అమ్మ ఇప్పుడు గుమ్మం దాకా నడుస్తోందా, గేటు దాకానా?" అని అడిగావు. దానికి జవాబు ఆఖర్న రాస్తాను.

నేను చెప్పిన వాట్సాప్ గ్రూపు గుర్తుందా, "మళ్లీ అడుగు" అని? ఫిబ్రవరిలో అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు నువ్వు పది రోజులుండి వెళ్లిపోయాక, ఆమెను పక్కకు తిప్పడం కూడా నాకు చేతనయ్యేది కాదు. ముప్పై నాలుగేళ్లు స్టీల్‌ప్లాంటులో ఎర్రగా కాలిన ఇనుముతో వేగినవాణ్ణి, యాభై కిలోల మనిషిని నొప్పి పుట్టకుండా కదల్చలేక మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ గ్రూపే నాకు అన్నీ నేర్పింది. కూర్చోబెట్టే తినిపించాలనీ, రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒళ్లు పుండ్లు పడుతుందనీ, కారణం లేకుండా ఏడిస్తే కసురుకోకూడదనీ. దాన్ని నడిపేది కీర్తన అనే ఫిజియోథెరపీ అమ్మాయి. వాళ్ల నాన్నకూ ఇదే జబ్బు. పక్షవాతం వచ్చినవాళ్లూ, వాళ్లను చూసుకునేవాళ్లూ కలిపి రెండొందల మంది దాకా ఉంటాం. ఎవరి మొహం ఎవరికీ తెలియదు, ఎవరింట్లో ఎవరికి విరేచనం కాలేదో మాత్రం అందరికీ తెలుసు.

ఆ గ్రూపులో ఒక ఆచారం ఉంది. సాయంత్రం ఆరింటికి హాజరు. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో వాక్యం రాయాలి, మన మనిషి ఈ రోజు కొత్తగా ఏం చెయ్యగలిగారో. ఏమీ లేకపోతే "నిన్నటిలాగే" అని రాయవచ్చని కీర్తన మొదటి రోజే చెప్పింది. మార్చిలో ఒకరోజు అమ్మ కుడిచేతి చిటికెనవేలు కదిలింది. రాశాను. నూట ఇరవై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అమ్మకు కూడా చూపించాను, ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు ఆ వేలు కదల్లేదు. ఆరయింది. అందరూ రాస్తున్నారు.

నాకు లాగ్‌బుక్ అలవాటు తల్లీ. షిఫ్టు దిగేముందు ఆ రోజు గడి నింపాలి, ఖాళీ వదలకూడదు, పైవాడు చూస్తే ఒప్పుకోడు. "నిన్నటిలాగే" అని రాయడానికి నా వేలు రాలేదు. "ఈ రోజు నిలబడింది" అని రాశాను. చంకల కింద చేతులేసి నేనే లేపి పట్టుకున్నాను, ఆమె తడిబట్టలాగా నా భుజం మీద వేలాడింది. దాన్ని నిలబడడం అన్నాను. ఏప్రిల్లో "నాలుగు అడుగులు" అన్నాను. జూన్‌కు వరండా దాకా తీసుకొచ్చాను. గ్రూపులో మీ అమ్మ జయమణి నడుస్తోంది, ఇంట్లో జయమణి పడుకునే ఉంది. నీకు రాసిన ఉత్తరాల్లోనూ ఆ నడకే రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇంతటితో ఆగినా బాగుండేది. పెందుర్తిలో చిలకమ్మ అని ఒకావిడ ఉంది. ఆమె భర్త అప్పలసూరి పోర్టులో ట్రైలర్ నడిపేవాడు. అమ్మకు వచ్చిన వారంలోనే అతనికీ వచ్చింది. అమ్మ నడిచిందని నేను రాసింది చూసి ఆమె నాకు విడిగా వాయిస్ మెసేజ్ పెట్టింది. "అన్నియ్యా, ఒదిన ఎలగ నడిసింది? ఏటి సేయించినారు? మా మావకీ అదే సేయిత్తాను, సెప్పండి." నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. నేనేం చేశాను? కుర్రవాళ్లకు పని నేర్పిన ఫోర్‌మన్ గొంతుతో, కిటికీ ఊచలు పట్టించి నిలబెట్టమన్నాను. కొన్నాళ్లయ్యాక చెయ్యి వదిలెయ్యి, వదిలితేనే కాళ్లు నేర్చుకుంటాయి అన్నాను. కీర్తనను అడగమని ఒక్క మాట అనలేదు. అడిగితే నా బండారం బయటపడుతుంది కదా.

అక్టోబరు మొదటివారంలో చిలకమ్మ చెయ్యి వదిలింది. అతను పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయింది కానీ, ఇక లేచి నిలబడడం అనుమానమే అన్నారట డాక్టర్లు. ఇంత జరిగినా ఆమె గ్రూపులో నన్ను ఒక్క మాట అనలేదు. "రత్నరాజన్నియ్య మా మంచికే సెప్పినారు, నానే సరిగ్గా పట్టుకోనేదు" అని పెట్టింది.

నెల రోజులు తిండి సయించలేదు. నిన్న అమ్మను పక్కింటి రోజారమణికి అప్పజెప్పి, బస్సెక్కి పెందుర్తి వెళ్లాను. ఆమె నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేసింది, టీ పెట్టింది. అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవాలనే వెళ్లాను.

"అలగైతే ఎవులూ నడవనేదా అన్నియ్యా?" అంది.

నేను టీ గ్లాసు అరుగు మీద పెట్టేశాను.

"ఒదిన నడిసిందనే గదా నాను ఇన్నాళ్లూ నెగ్గుకొత్తన్నాను. ఆరయ్యీసరికి మా మావ ఫోన్ సదివించుకుంటాడు. ముందు మీదే అడుగుతాడు, ఒదిన ఈయేల ఎంత దూరం ఎల్లింది అని. ఎముక ఇరిగినా సరే, అది ఇన్నాకే అన్నం తింటాడు." లోపల పడుకున్న భర్తకు వినబడకుండా గొంతు తగ్గించి, నా చేతులు పట్టుకుంది. "ఈ ఇసయం ఆయనకి సెప్పకండి. ఈయేల కూడా రాసీండి అన్నియ్యా, మీకు దండమెడతాను."

నిజం చెప్పి తేలికపడదామని వెళ్లాను. ఆ అబద్ధాన్నే మళ్లీ మోసుకుని తిరిగొచ్చాను. ఇంటికొచ్చేసరికి ఆరు కావస్తోంది. టైపు చేస్తూ పైకి చదవడం నా అలవాటు. "ఈ రోజు గేటు దాకా" అని చదివాను. అమ్మ ఎడంచేత్తో దుప్పటి లాక్కుని మొహం కప్పేసుకుంది. రోజూ ఆ వేళకు అలాగే చేస్తుంది. చలేస్తోందనుకుని ఇన్నాళ్లూ ఫ్యాన్ ఆపేవాణ్ణి. నిన్న ఆపలేదు. చలి కాదని తెలిసింది.

డిసెంబరు ఎనిమిదిన నీ మొదటి మాటపట్టు, కన్యాస్త్రీగా దేవునికి మాట ఇచ్చే రోజు. ఇంటికి పంపమని పెట్టుకున్న అర్జీని, అమ్మ నడుస్తోంది కాబట్టి వెనక్కి తీసుకున్నానని రాశావు. నా అబద్ధాన్ని నమ్మి నువ్వు దేవునికి మాట ఇవ్వకూడదు. అందుకే ఈ ఉత్తరం. రమ్మనడానికి నాకు నోరు రావడం లేదు, రావద్దనడానికీ రావడం లేదు. మదర్ గారు మీకొచ్చే ఉత్తరాలు ముందు చదువుతారంటావు కదా, చదవనీ.

నీ ప్రశ్నకు జవాబు ఇదీ. అమ్మ నడవడం లేదు. గేటు దాకా కాదు, గుమ్మం దాకా కాదు. ఫిబ్రవరి నుంచి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

ఆరవుతోంది. గ్రూపులో హాజరు మొదలైంది, ఫోన్ మోగుతూనే ఉంది. నేనింకా దాన్ని ముట్టుకోలేదు, అమ్మ అప్పుడే దుప్పటి అంచు పట్టుకుంది.

ఇట్లు,
నీకు నిజం రాయడానికి తొమ్మిది నెలలు పట్టిన
మీ నాన్న,
రత్నరాజు