రెండు బంతులు

బెంటన్‌విల్, బుధవారం

నా లూసీ అత్తకి,

టెక్స్ట్ చేస్తే ఇంట్లో ఐప్యాడ్‌లో కూడా వచ్చేస్తుంది, మమ్మీ చూస్తుంది. అందుకే పేపర్ మీద రాస్తున్నా. సండే స్కూల్‌లో నేర్చుకున్న తెలుగు, నవ్వకు.

భయంగా ఉంది అత్తా. మూడు వారాల క్రితం సాకర్ మ్యాచ్‌లో బంతిని తలతో కొట్టబోయి ఎగిరి ఇంకో అమ్మాయి తలకి గుద్దుకున్నా కదా, తగ్గిపోయిందని అందరికీ చెప్పాను. తగ్గలేదు. డాక్టర్ ఏది అడిగినా "నో" అన్నాను. ఎడమవైపు చూస్తే అన్నీ రెండుగా కనపడుతున్నాయి. నేను మిడ్‌ఫీల్డర్ని, ప్రతి బంతీ నా దగ్గరికే వస్తుంది. ఏది నిజం బంతో తెలీక రెండిటి మధ్యలో తన్నుతున్నా.

మరి చెప్పొచ్చుగా అంటావు. పోయిన ఆదివారం చర్చిలో డాడీ లేచి సాక్ష్యం చెప్పేశారు. "నా బిడ్డ ఫెబీని ప్రభువు ముట్టి బాగుచేశాడు" అని ఏడ్చారు. డాడీ ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదు. అందరూ "స్తోత్రం" అన్నారు. దైవాశీర్వాదం అంకుల్ అయితే, "శనివారం రెండు గోల్స్ కొట్టాలమ్మా, దేవుని మహిమ కోసం!" అన్నారు. ఇప్పుడు నేను నిజం చెప్తే డాడీ అబద్ధం చెప్పినట్టు అవుతుంది.

ఫ్రెంచ్ క్లాస్ ప్రాజెక్ట్‌కి ఎమిల్ వాసర్ అని 1950ల మిడ్‌ఫీల్డర్ని తీసుకున్నాను. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరట. తల పగిలినా కట్టు కట్టుకుని ఆడాలి, లేకపోతే టీమ్‌లో ఒకరు తక్కువ. ఆయన అలాగే ఆడాడు, తర్వాత ఆ ఆటే గుర్తులేదట. "ఆ మ్యాచ్ గెలిచామని మర్నాడు పేపర్లో చదివి తెలుసుకున్నా" అన్నాడట. ఇరవై ఆరేళ్ళకే కెరీర్ అయిపోయింది. ఆ లైన్ టైప్ చేసి లాప్‌టాప్ మూసేశాను.

శనివారం నేనూ ఆడాలి. డాడీకి చెప్పకు, ప్లీజ్.

నీ ఫెబీ

*

ఆదివారం

అత్తా,

నా మొదటి ఉత్తరం నీకు చేరిందో లేదో. ఈలోపే నేనే చెప్పేశాను.

గురువారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. "సాక్ష్యం ఎవరైనా చెప్తారా?" అని పాస్టర్‌గారు అడిగారు. నాకు తెలీకుండానే లేచి నిలబడ్డాను. "నాకింకా తగ్గలేదు. డాడీ అబద్ధం చెప్పలేదు. నేనే డాడీకి అబద్ధం చెప్పాను" అన్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు.

డాడీ వచ్చి నాకు ఎడమవైపు మోకాళ్ళ మీద కూర్చున్నారు. కొడతారేమో అనుకున్నా.

"నేను ఎంతమంది కనపడుతున్నానమ్మా?"

"ఇద్దరు."

"అయితే ఇద్దరం కలిసే హాస్పిటల్‌కి తీసుకెళ్తాం. షూస్ వేసుకో."

స్కాన్ చేశారు. ఈ సీజన్ ఆడొద్దన్నారు. తర్వాత సంగతి తర్వాత అన్నారు. ఆ మాటకి ఇంకా భయంగానే ఉంది.

నిన్న నా ప్లేస్‌లో రియా ఆడింది. నేను నల్లకళ్ళద్దాలతో డాడీ పక్కన కూర్చున్నా. మా వాళ్ళు ఓడిపోయారు అత్తా, రెండు ఒకటి. వాళ్ళ రెండో గోల్ రియా కుడికాలి పక్కనుంచే వెళ్ళింది. పేపర్లో చదవలేదు. నాకే గుర్తుంది.

నీ మేనకోడలు,
ఫెబీ